ముప్పై నుంచి పదిహేను దాకా: ఉప్పు బస్తాలో అయోడిన్ లెక్క

(మా వాణిజ్య విలేఖరి)

ఉప్పు వర్తకంలో లాభం పైసల్లోనే ఉంటుంది. సరుకు బరువు ఎక్కువ, ధర తక్కువ, కిరాయి భారం. కనుక టోకు వర్తకుడు తూకం, తేమ, కిరాయి ఈ మూడింటినీ జాగ్రత్తగా చూసుకుంటాడు. చూసుకోవలసిన నాలుగవది ఒకటి ఉన్నది. అది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, కాటాలో తేలదు. 50 కిలోల బస్తా మొత్తంలో అది ఉండవలసింది ఒకటిన్నర గ్రాము మాత్రమే. అదే అయోడిన్.

ఫ్యాక్టరీలో ఉప్పుకు అయోడిన్ పట్టించేటప్పుడు పది లక్షల భాగాలకు 30 భాగాలు, అంటే టన్నుకు 30 గ్రాములు ఉండేటట్లు కలపడం మన దేశంలో దశాబ్దాలుగా నడుస్తున్న లెక్క. చిల్లర దుకాణంలో ఆ ఉప్పు అమ్ముడుపోయే సమయానికి అది 15 భాగాలకు తగ్గరాదని నిబంధన. అంటే దారిలో సగం దాకా పోవచ్చునని ముందుగానే తరుగు కట్టి ఉంచారన్న మాట.

ఆ తరుగు ఏర్పడేది ఫ్యాక్టరీ గేటుకూ చిల్లర దుకాణానికీ మధ్యనే. ఆ దూరమంతా లారీ యజమాని, గోదాము యజమాని, టోకు వర్తకుడు, చిల్లర దుకాణదారు చేతుల్లో ఉన్నది. తరుగు సగంతో ఆగక ఇంకా దిగిపోతే బస్తా బరువు తగ్గదు, బిల్లు మారదు, కొన్నవారు ఫిర్యాదు చేయరు. నష్టం మాత్రం జరిగిపోతుంది. అది ఎవరికి, ఎట్లా అన్నది ఉప్పు వ్యాపారంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియవలసిన విషయం.

గొంతులోని చిన్న కార్ఖానా

మెడ ముందు భాగంలో, కంఠనాళానికి ఇరువైపులా సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. మన పాఠ్య పుస్తకాలలో దీన్నే అవటు గ్రంథి అన్నారు. ఇది తయారు చేసే సరుకు థైరాక్సిన్ అనే హార్మోను. దీని ఒక్కొక్క అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. ఇంకొక హార్మోనులో మూడు ఉంటాయి. శరీరం ఎంత వేడి పుట్టించాలి, గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, తిన్నది ఎంత త్వరగా శక్తిగా మారాలి, పిల్లల ఎముకలు, మెదడు ఎట్లా పెరగాలి అన్నవన్నీ ఈ హార్మోన్ల మీద ఆధారపడి ఉన్నాయి.

ఈ కార్ఖానాకు కావలసిన ముడిసరుకు అయోడిన్. శరీరం దాన్ని తయారు చేసుకోలేదు. తిండి ద్వారా రావలసిందే. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి. గర్భిణికి 250 మైక్రోగ్రాములు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఈ లెక్కన 70 ఏళ్లు బ్రతికిన మనిషికి జీవితకాలం మొత్తం మీద కావలసిన అయోడిన్ నాలుగు గ్రాములకు లోపే. ఒక చెంచా నిండదు. అయితే ఆ చెంచాడు సరుకును ఒక్కసారి తిని ఊరుకుంటే సరిపోదు. శరీరంలో దాని నిలవ తక్కువ. కొంచెం కొంచెంగా, ప్రతి రోజూ సరఫరా కావలసి ఉన్నది.

సరఫరా తగ్గితే ఏమవుతుంది? హార్మోను ఉత్పత్తి పడిపోతుంది. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ఇది కనిపెట్టి, ఇంకా తయారు చేయమని థైరాయిడ్‌ను తొందరపెడుతుంది. ముడిసరుకు లేకుండానే పని పెంచవలసి వచ్చిన గ్రంథి, ఉన్న కాస్త అయోడిన్‌ను పట్టుకోవడానికి తానే పెరుగుతుంది. మెడ వాస్తుంది. అదే గాయిటర్; మన పెద్దలు గళగండం అన్న జబ్బు. ఒంట్లో నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మందకొడితనం దీనికి తోడవుతాయి.

కనబడే వాపు, కనబడని నష్టం

మెడ మీద వాపు కనబడుతుంది కనుక చాలాకాలం అందరూ దాన్నే జబ్బు అనుకున్నారు. అసలు నష్టం కనబడనిది. గర్భం దాల్చిన తొలి నెలల్లో కడుపులోని శిశువుకు సొంత థైరాయిడ్ ఇంకా పనిచేయదు. తల్లి హార్మోను మీదనే శిశువు మెదడు పెరగాలి. తల్లికి అయోడిన్ బాగా కొరతగా ఉంటే గర్భస్రావం కావచ్చు, శిశువు చనిపోయి పుట్టవచ్చు, లేదా బుద్ధిమాంద్యం, చెవుడు, మూగతనం, మరుగుజ్జుతనంతో పుట్టవచ్చు. ఈ చివరి స్థితిని వైద్యులు క్రెటినిజం అంటారు.

ఇవి తీవ్రమైన కొరత ఉన్న చోట్ల మాట. ఒక మోస్తరు కొరత ఉన్న చోట్ల ఇంత ఘోరం కనబడదు. పిల్లలు మామూలుగానే ఉంటారు, బడికి వెళతారు, అయితే చదువులో వెనకబడతారు. అయోడిన్ కొరత ఉన్న ప్రాంతాల పిల్లల తెలివితేటల కొలత, కొరత లేని ప్రాంతాల పిల్లలతో పోలిస్తే సగటున 10 పాయింట్లకు పైగా తక్కువ ఉన్నట్లు వివిధ దేశాల పరిశీలనలను కలిపి చూసినప్పుడు తేలింది. గర్భంలో జరిగిన ఈ నష్టాన్ని తరువాత ఎంత అయోడిన్ పెట్టినా పూడ్చలేరు. ప్రపంచంలో నివారించదగిన బుద్ధిమాంద్యానికి అతి పెద్ద కారణం అయోడిన్ కొరతే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. బస్తాలోని ఒకటిన్నర గ్రాము విలువ ఇదీ.

సముద్రపు ఉప్పులో ఉండదా?

కోస్తా వర్తకులు తరచు అడిగే ప్రశ్న ఇది. సముద్రంలో అయోడిన్ ఉన్నప్పుడు సముద్రపు నీటితో పండించిన ఉప్పులో ఉండదా అని. సముద్రపు నీటిలో అయోడిన్ ఉన్న మాట నిజమే. అయితే అది లీటరుకు కొద్ది పదుల మైక్రోగ్రాములు మాత్రమే. పైగా మడిలో నీరు ఇగిరి ఉప్పు గడ్డకట్టేటప్పుడు అయోడిన్ ఉప్పు పలుకులలోకి చేరక, మిగిలిపోయిన చేదు నీటిలోనే ఉండిపోతుంది. ఆ నీటిని రైతు మడి నుంచి వదిలేస్తాడు. కనుక మడి ఉప్పులో సహజంగా మిగిలేది నామమాత్రం. సముద్రపు చేపలు, సముద్రపు నాచు అయోడిన్‌ను కూడబెట్టుకుంటాయి, ఉప్పు కూడబెట్టుకోదు.

ఈ మధ్య ఆరోగ్యకరమైనదని గిరాకీ పెరిగిన సైంధవ లవణం విషయంలోనూ ఇంతే. విడిగా అయోడిన్ కలపకపోతే అందులో ఉండేది లెక్కలోకి రాదు.

నేలలో అయోడిన్ కూడా అన్ని చోట్లా ఒక్కటిగా ఉండదు. వేల ఏళ్ల వర్షాలు, మంచు కరుగు నీరు, వరదలు పై మట్టిని కడిగివేసిన కొండ ప్రాంతాలలో, నదీ మైదానాలలో పంటలకే అయోడిన్ అందదు. ఆ పంట తిన్న మనిషికీ అందదు, ఆ మేత మేసిన పశువు పాలలోనూ ఉండదు. హిమాలయాల పాదాన ఉన్న ప్రాంతమంతా ఒకప్పుడు గాయిటర్ మండలమని పేరుబడడానికి కారణం ఇదే. తరువాత సర్వేలలో జబ్బు అక్కడికే పరిమితం కాదని తేలింది. దేశంలో పరిశీలించిన 414 జిల్లాలలో 337 జిల్లాలు కొరత ఉన్నవిగా లెక్కకు వచ్చాయి. కొరత లేదని చెప్పదగిన రాష్ట్రం ఒక్కటీ లేకపోయింది.

శ్రీకాకుళం బిడ్డ, కాంగ్రా లోయ

అందరికీ అయోడిన్ ఇవ్వడానికి ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు? బీదవాడూ, భాగ్యవంతుడూ తినేది ఉప్పు. రోజూ దాదాపు ఒకే మోతాదులో తినేది ఉప్పు. కొద్ది చోట్ల మాత్రమే తయారై దేశమంతా తిరిగేది ఉప్పు. కలపడానికి ఖర్చు అతి తక్కువ అయ్యేదీ ఉప్పే. స్విట్జర్లాండు 1922లోనూ, అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రం 1924లోనూ ఈ దారి పట్టాయి.

మన దేశంలో దీన్ని రుజువు చేసిన పరిశోధనకు నాయకత్వం వహించినవారు తెలుగువారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఈ పని మొదలుపెట్టారు. దాదాపు లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి పొటాషియం అయొడైడు కలిపిన ఉప్పు, ఇంకొక భాగానికి పొటాషియం అయొడేటు కలిపిన ఉప్పు, మూడవ భాగానికి మామూలు ఉప్పు సరఫరా అయ్యేటట్లు చేశారు. ఆరేళ్లు గడిచేసరికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాలలో బడిపిల్లల గాయిటర్ సగానికీ అంతకంటె కిందికీ దిగింది. మామూలు ఉప్పు తిన్న భాగంలో ఉన్న చోటనే ఉన్నది. తరువాత అక్కడ కూడా అయోడిన్ ఉప్పు ఇవ్వగా అక్కడా తగ్గింది.

ఈ ఫలితాల మీదనే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలయింది. 1992లో దాని పేరు జాతీయ అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మారింది. ఉప్పు మడులకు పేరుపడిన నౌపడ ఉన్న జిల్లాలో పుట్టిన వైద్యుడి పని దేశమంతటి ఉప్పు వర్తకాన్నీ మార్చివేసింది.

చట్టం తిరిగిన మలుపులు

మొదట్లో కొరత ప్రాంతాలకు మాత్రమే అయోడిన్ ఉప్పు పంపేవారు. తినే ఉప్పు అంతటికీ అయోడిన్ పట్టించాలన్న విధానం 1980 దశకంలో వచ్చింది. ప్రైవేటు ఉత్పత్తిదారులకు అనుమతి ఇచ్చి, 1986 ఏప్రిల్ నుంచి దశలవారీగా అమలు మొదలుపెట్టారు. రైల్వే రవాణాలో అయోడిన్ ఉప్పుకు రక్షణ శాఖ సరుకు తరువాతి ప్రాధాన్యం ఇచ్చారు.

అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న దేశవ్యాప్త నిషేధం 1998 మేలో అమలుకు వచ్చింది. చిన్న ఉత్పత్తిదారుల నుంచి, ఎవరి ఉప్పు వారు ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలన్న వారి నుంచి వ్యతిరేకత రాగా 2000లో కేంద్రం దాన్ని ఎత్తివేసింది. 2006 మే 17 నుంచి మళ్లీ విధించింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు, ఆహార కల్తీ నిరోధక చట్టం కింద ఇటువంటి నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చింది. మామూలు ఉప్పు హానికరమైన సరుకు కాదు కనుక కల్తీ చట్టంతో దాన్ని ఆపలేరన్నది వాదం. ప్రజారోగ్యం దృష్ట్యా వెంటనే కొట్టివేయకుండా ప్రభుత్వానికి ఆరు నెలల గడువు ఇచ్చింది. ఈలోగా 2011 ఆగస్టు 5 నుంచి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింది నిబంధనలు అమలుకు రావడంతో, అయోడిన్ లేని ఉప్పును నేరుగా తినడానికి అమ్మడం మీద ఆంక్ష కొత్త చట్టం కింద కొనసాగుతున్నది.

వర్తకులు ఇక్కడ ఒక మినహాయింపు గమనించవలసి ఉన్నది. అయోడిన్ పట్టించడానికి పంపే ముడి ఉప్పు, పశువుల ఉప్పు, నిలవ పెట్టడానికి వాడే ఉప్పు, మందుల తయారీకి, పరిశ్రమలకు వెళ్లే ఉప్పు అయోడిన్ లేకుండానే అమ్మవచ్చు. అయితే ఆ సంగతి బస్తా మీద స్పష్టంగా రాసి ఉండాలి. అసలు చిక్కు ఈ సందులోనే ఉన్నది. ఎండు చేపలకనీ, తోళ్లకనీ కొన్న బస్తా అవసరం తీరిన తరువాత సంతలో విడి ఉప్పుగా తేలుతుంది. కొలిచి పోసే ఉప్పు మీద ఏ రాతా ఉండదు.

ఒక లారీకి ఒక కిలో

ఇక ఖర్చు లెక్క. మన దేశంలో ఉప్పుకు కలిపేది పొటాషియం అయొడేటు. అయొడైడులో అయోడిన్ పాలు ఎక్కువ అయినప్పటికీ, తేమ తగిలితే, ఉప్పులో మలినాలు ఉంటే అది త్వరగా విడిపోయి ఎగిరిపోతుంది. చలి దేశాల పొడి రిఫైండు ఉప్పుకు అది సరిపోవచ్చు. మన వాతావరణానికి, మన కల్లుప్పుకు అయొడేటే నిలుస్తుంది.

అయొడేటులో అయోడిన్ నూటికి 59 పాళ్లు. టన్ను ఉప్పుకు 30 గ్రాముల అయోడిన్ రావాలంటే 51 గ్రాముల అయొడేటు కావాలి. 20 టన్నుల లారీ లోడుకు సుమారు ఒక కిలో. 50 కిలోల బస్తాకు రెండున్నర గ్రాములు. ఈ లెక్కన అయొడేటు ధర కిలోకు వెయ్యి రూపాయలు పెరిగినా లారీ లోడు మీద పడేది దాదాపు వెయ్యి రూపాయలే. కిలో ఉప్పు మీద 5 పైసలు. లారీ కిరాయిలో వచ్చే మార్పు ముందు ఇది చెప్పుకోదగినది కాదు. కనుక రసాయనం ధర పెరిగిందని మోతాదు తగ్గించడం వ్యాపార రీత్యా కూడా అర్థం లేని ఆదా.

అయినప్పటికీ ఈ సరుకు మార్కెట్టు మీద ఒక కన్ను ఉంచడం మంచిది. ముడి అయోడిన్ మనకు దాదాపు పూర్తిగా దిగుమతే. ప్రపంచ ఉత్పత్తిలో సగానికి మించి చిలీ దేశానిది. అక్కడి ఎడారిలో నత్రజని ఎరువులకు తవ్వే ఖనిజం నుంచి అయోడిన్ తీస్తారు. తరువాతి స్థానం జపానుది. సహజవాయువుతో పాటు పైకి వచ్చే ఉప్పునీటి నుంచి అక్కడ తీస్తారు. వాడకంలో పెద్ద భాగం ఉప్పుది కాదు. ఎక్స్‌రే, స్కానింగు పరీక్షలలో వాడే ద్రవాలు, మందులు, టీవీ తెరల పొరలు దాన్ని ఎక్కువగా లాగుతాయి. అందువల్ల ధర ఉప్పు వర్తకుల చేతిలో లేదు. అమెరికా దిగుమతుల సగటు ధర 2010లో కిలో 25 డాలర్లకు అటూ ఇటూగా ఉండి 2012లో 40 డాలర్లు దాటింది, తరువాతి ఏళ్లలో మళ్లీ దిగింది. ఇట్లా ఎగిరినప్పుడల్లా చిన్న యూనిట్లు ఇబ్బంది పడతాయి.

పోయేది ఎక్కడ?

ఉప్పు కన్వేయరు మీద కదులుతుండగా అయొడేటు ద్రావణాన్ని సన్నని జల్లుగా కొట్టి కలపడం సాధారణ పద్ధతి. సన్నని ఉప్పుకు ఇది సమంగా పడుతుంది. కల్లుప్పుకు పైపైననే అంటుతుంది. యంత్రం సరిగా నడవకపోతే ఒక బస్తాలో 40, పక్క బస్తాలో 10 రావచ్చు. సగటు చూస్తే 25 ఉన్నట్లే ఉంటుంది. తినేవాడు సగటు తినడు కదా, ఆ బస్తాలో ఉన్నదే తింటాడు.

అక్కడి నుంచి బయలుదేరిన సరుకుకు ప్రధాన శత్రువు తేమ. శుద్ధి తక్కువైన ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు ఉంటుంది. అది గాలిలోని నీటిని పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మలో అయొడేటు కరిగి బస్తా అడుగుకు దిగుతుంది. గోనె సంచి అయితే అక్కడి నుంచి కారి గోదాము నేల పాలవుతుంది. పై ఉప్పులో ఏమీ మిగలదు. ఎండ, వేడి మిగతా పని చేస్తాయి. టార్పాలిన్ లేని లారీ, రేకుల షెడ్డు, తడి నేల, దుకాణం ముందు మూత లేని బస్తా, వీటిలో ఏ ఒక్కటీ నేరంగా కనబడదు. అన్నీ కలిస్తే 30 కాస్తా 15 దాటి కిందికి పోతుంది.

ఇంట్లో కూడా కొంత పోతుంది. కల్లుప్పును కడిగి వాడే ఇళ్లు మన ప్రాంతంలో ఉన్నాయి. పలుకు మీద అంటిన అయోడిన్ ఆ నీళ్లతోనే పోతుంది. వంటలో ఉడికేటప్పుడు ఇంకొంత పోతుంది. అందువల్లనే దుకాణం దాకా 15 మిగలడం అంత అవసరం.

పండించే చోటనే లోటు

2018-19లో జరిగిన జాతీయ అయోడిన్ సర్వేలో, 15 భాగాలు లేదా అంతకు పైబడి అయోడిన్ ఉన్న ఉప్పు వాడుతున్న ఇళ్లు దేశం మొత్తం మీద నూటికి 76.3గా తేలాయి. అట్టడుగున తమిళనాడు ఉన్నది, 61.9. దాని పైన ఆంధ్ర ప్రదేశ్, 63.9. ఆ పైన రాజస్థాన్, 65.5. తరువాత ఒడిశా, 65.8. ఈ వరుస చూడగానే ఉప్పు వర్తకులకు ఒక విషయం స్ఫురిస్తుంది. ఇవన్నీ ఉప్పు పండించే రాష్ట్రాలే.

దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. మడి దగ్గరున్న ఊరికి ఉప్పు మడి నుంచే వస్తుంది. నౌపడ, పెనుగుదురు, చినగంజాం, ఇసకపల్లి వంటి చోట్ల కొటారు నుంచి ఎడ్లబండి, ఆటో, సైకిలు మీద చుట్టుపక్కల గ్రామాలకు ఉప్పు చేరడానికి యంత్రం, ప్యాకెట్టు, బిల్లు ఏదీ అక్కరలేదు. కల్లుప్పే ఊరగాయకు, కూరకు రుచి అన్న అలవాటు దీనికి తోడు. వెయ్యి కిలోమీటర్ల దూరం నుంచి ఉప్పు తెప్పించుకునే ఊళ్లకు ప్యాకెట్టు ఉప్పు చేరుతున్నది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి చేరడం లేదు. ఆంధ్రలో నూటికి 36 ఇళ్లలో ఉప్పు ఉన్నది కానీ అందులో ఉండవలసింది లేదు.

చిన్న రైతుల వాదన కూడా వినదగినదే. అయొడేటు ఖర్చు పైసల్లో ఉన్నప్పటికీ యంత్రం, షెడ్డు, పరీక్షించే మనిషి, ప్యాకింగు అన్నీ కలిస్తే రెండు మూడు ఎకరాల మడి ఉన్నవాడి వల్ల కాదు. నిషేధం పేరుతో పెద్ద బ్రాండ్లకు మార్కెట్టు అప్పగించారన్న బాధ వారిది. దీనికి మార్గం అయోడిన్ మానడం కాదు. కొందరు కలిసి ఒక యంత్రం పెట్టుకోవడం, లేదా కొటారు దగ్గర సరుకు ఎత్తే టోకు వర్తకుడే ఆ పని చేయించడం. ఒక లారీకి ఒక కిలో రసాయనం అన్న లెక్క వారికీ వర్తిస్తుంది.

సరుకు దించుకునేటప్పుడు

టోకు వర్తకులు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే తరుగు చాలావరకు ఆగుతుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న నేత సంచులలో, 50 కిలోలకు మించకుండా వచ్చే సరుకే తీసుకోవాలి. గోనె సంచి వద్దు. బస్తాను కొక్కెంతో లాగితే పొర చిరిగి ఖర్చు దండగ అవుతుంది. గోదాములో చెక్క పలకల మీద, గోడకు దూరంగా నెట్టు కట్టాలి. ముందు వచ్చిన సరుకు ముందు అమ్మాలి. వర్షాకాలానికి ముందు అవసరానికి మించి నిలవ చేసుకుంటే ధర కలిసి రావచ్చు గాని లోపలి సరుకు కరిగిపోతుంది. తినే ఉప్పును, పరిశ్రమల ఉప్పును వేరువేరు నెట్లలో ఉంచి, కూలీలకు తేడా తెలిసేటట్లు గుర్తు పెట్టడం తప్పనిసరి.

పరీక్షకు చుక్కల మందు సీసాలు దొరుకుతాయి. చెంచాడు ఉప్పు మీద రెండు చుక్కలు వేస్తే అయోడిన్ ఉన్నట్లయితే నీలం రంగు తేలుతుంది. లోడులో పై బస్తా, మధ్య బస్తా, అడుగు బస్తా మూడింటి నుంచీ తీసి చూడాలి. అయితే ఈ రంగు అయోడిన్ ఉన్నదని మాత్రమే నమ్మకంగా చెబుతుంది. అది 12 ఉన్నదా, 18 ఉన్నదా అన్నది ప్రయోగశాలలో మాత్రమే తేలుతుంది. పెద్ద లోడులు కొనేవారు ఉత్పత్తిదారు నుంచి ఆ బ్యాచి పరీక్ష కాగితం అడిగి తీసుకోవడం మంచిది. నాసిరకం ఆహార సరుకుకు 2006 నాటి చట్టం కింద 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. సరుకు ఎవరి దగ్గర కొన్నదీ చూపలేని టోకు వర్తకుడు కూడా బాధ్యుడవుతాడు. బిల్లు, బ్యాచి కాగితం ఆ రోజున అక్కరకు వస్తాయి.

మందుగా అమ్మవద్దు

చివరగా రెండు హెచ్చరికలు. అయోడిన్ ఉప్పు కొరతను రాకుండా ఆపే తిండి వస్తువు. థైరాయిడ్ జబ్బుకు మందు కాదు. ఈనాడు పట్టణాలలో థైరాయిడ్ మాత్రలు వాడుతున్న వారిలో చాలామంది జబ్బుకు కారణం శరీర రక్షణ వ్యవస్థ తన గ్రంథినే దెబ్బతీయడం. వారికి ఉప్పు మార్చితే నయం కాదు. ఉప్పు మానితే కూడా నయం కాదు. వైద్యుడు చెప్పినట్లు నడుచుకోవలసిందే. కనుక థైరాయిడ్‌కు మంచిదని చెప్పి సరుకు అమ్మడం తగదు. అట్లాగే తరుగుకు భయపడి రెండింతలు రసాయనం కలపడమూ తప్పే. అయోడిన్ మితిమీరినా గ్రంథి గాడి తప్పుతుంది.

రెండవది, ఉప్పు తగ్గించమన్న వైద్యుల మాట. రక్తపోటు దృష్ట్యా రోజుకు 5 గ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇది ఉప్పు వర్తకానికి దెబ్బ అని కొందరు అనుకోవచ్చు. అసలు సంగతి వేరు. 15 భాగాల ఉప్పు 10 గ్రాములు తింటే 150 మైక్రోగ్రాముల అయోడిన్ వస్తుంది. అదే ఉప్పు 5 గ్రాములు తింటే 75 మాత్రమే. అంటే జనం ఉప్పు తగ్గించే కొద్దీ ఒక్కొక్క గ్రాములో ఉండవలసిన అయోడిన్ విలువ పెరుగుతుంది. ఇకముందు దుకాణంలో 15తో సరిపెట్టుకోవడం కాక, ఫ్యాక్టరీలో కలిపిన దానిలో సాధ్యమైనంత మిగిల్చి ఇవ్వడమే నాణ్యమైన వర్తకం అనిపించుకుంటుంది. ఉప్పులో అయోడిన్‌తో పాటు ఇనుము కూడా కలిపే పద్ధతిని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించింది. ఆ సరుకు విస్తరించే కొద్దీ నిలవలో, రవాణాలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావలసి ఉంటుంది.

బియ్యంలో రాయి ఉంటే పంటికి తగులుతుంది, నూనె కల్తీ అయితే వాసన పట్టిస్తుంది. ఉప్పులో అయోడిన్ లేకపోతే చెప్పేది ఏదీ లేదు; పదేళ్ల తరువాత బడిలో వెనకబడిన పిల్లవాడు తప్ప. అతని తల్లి ఏ దుకాణంలో కొన్నదో, ఆ బస్తా ఏ గోదాములో తడిసిందో అప్పుడు ఎవరూ అడగరు. అడిగేవారు లేరు కనుక ఈ లెక్క వర్తకుడే చూసుకోవలసి ఉన్నది.